కంటి వాపు అనుకున్నది రెటినోబ్లాస్టోమా అయితే

రెటినోబ్లాస్టోమా (చిన్నపిల్లల రెటినాలో, అంటే కంటి లోపలి తెరలో, వచ్చే క్యాన్సర్) అనగానే ఫొటోలో తెల్లగా మెరిసే కంటిపాప గుర్తొస్తుంది. అసలు చిక్కు అలా మెరవని రకంతోనే. డిఫ్యూజ్ ఇన్‌ఫిల్ట్రేటింగ్ రకం గడ్డలా పెరగదు, రెటినా వెంబడి పలచగా పాకుతుంది. మొత్తం కేసుల్లో 1-2 శాతమే. పైగా ఐదారేళ్ల పిల్లల్లో, ఎక్కువగా ఒక కంటికే వస్తుంది. దాంతో యువైటిస్ (కంటి లోపలి వాపు) అనుకుని స్టెరాయిడ్ చుక్కలు వేస్తారు. కొన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది. మోసమంతా అక్కడే.

కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) వెనక అడుగున పేరుకున్న పొరను పట్టి చూడాలి. అది తెల్లగా ఉండి, పిల్లాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెడితే జరుగుతూ, కంట్లో నొప్పీ ఎరుపూ పెద్దగా లేకపోతే కణితి కణాలని అనుమానించాలి. వాపు వల్ల చేరిన చీము సాధారణంగా పసుపుగా, అంత తేలిగ్గా కదలకుండా ఉంటుంది.

ఇంకో వేషం ఆర్బిటల్ సెల్యులైటిస్, అంటే కంటి చుట్టూ ఉన్న కణజాలానికి సోకే ఇన్ఫెక్షన్. లోపలి పెద్ద కణితి చచ్చుబడితే రెప్పలు ఉబ్బుతాయి. జ్వరం లేకుండా, సైనస్‌లు బాగుంటే అనుమానం పెంచుకోండి.

ముందు బీ-స్కాన్ (కంటి అల్ట్రాసౌండ్). కాల్షియం కనిపిస్తే బలమైన ఆధారం. కనిపించకపోతే మాత్రం నిశ్చింత వద్దు, పలచని రకంలో తరచూ ఉండదు. తర్వాత కాంట్రాస్ట్‌తో ఎమ్మారై. ఈ క్యాన్సర్‌కు మూలమైన ఆర్‌బీ1 జన్యువులో లోపం పుట్టుకతో ఉన్న పిల్లలకు రేడియేషన్ చేటు కాబట్టి సీటీ మానుకోవడం మేలు. మత్తిచ్చి, కంటిపాపలు పెద్దవి చేసి రెండు కళ్లూ అంచుల దాకా చూడాలి.

కణితి కాదని తేలకుండా సూది గుచ్చకండి, విట్రెక్టమీ (కంట్లోని జెల్లీని తీసే ఆపరేషన్) అసలే వద్దు. కణాలు కంటి బయటకు పాకుతాయి. నమూనా తప్పనిసరైతే కంటి క్యాన్సర్ నిపుణులే తీయాలి.