నోటుబుక్కు విప్పిన రాత్రి

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు మాది. నూలు దుమ్ముకు దగ్గు రావడం మామూలే కాబట్టి నేను వారాల తరబడి దగ్గుతున్నా ఎవరూ పట్టించుకోలేదు. దగ్గరలోని వైద్యుడొకాయన సిరప్ మీద సిరప్ రాసిచ్చాడు. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు మొదలై చొక్కా వదులయ్యాక, కఫం పరీక్ష చేయించాల్సిందేనని మా ఆవిడ పట్టుబట్టింది. క్షయ అని తేలింది.

ఆ రాత్రి అన్నాలయ్యాక తను లెక్కల నోటుబుక్కు తెచ్చి అందరి ముందూ విప్పింది. కిరాణా బాకీ, చిట్టీ వాయిదా, పిల్లల ఫీజు.

"పిల్లల ముందు అప్పుల ముచ్చట ఎందుకు బిడ్డా?" అంది అమ్మ.

"తెలియకపోతే ఇంకా భయపడతారు అత్తమ్మా."

ఆ మాట నిజమే. పదో తరగతి చదివే అమ్మాయి మాత్రల పని తన మీద వేసుకుంది. నా బదులు బావమరిది మగ్గం మీద కూర్చుని, మజూరిలో సగం మా ఇంట్లోనే ఇచ్చేవాడు. "ధైర్యంగా ఉండు" అని ఫోను పెట్టేసిన బంధువులు చాలామందే ఉన్నారు. వాళ్ల ధైర్యంతో బియ్యం రావు కదా!

చికిత్స ఆరు నెలలు: మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత మూడు. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. వాటిలో రిఫాంపిసిన్ అనే మందు వల్ల మూత్రం నారింజ రంగులోకి మారితే నెత్తురేమోనని అమ్మ ఏడ్చింది. నాకు పళ్లెం, గ్లాసు కూడా వేరు పెట్టింది. ఈ జబ్బు గాలి ద్వారా సోకుతుంది గానీ పళ్లెం ద్వారా కాదని ఆరోగ్య కార్యకర్త చెప్పాక, పళ్లెం మళ్లీ అందరి గిన్నెల్లో కలిసింది. నూలు చిలపలు అడ్డుపెట్టి ఏళ్లుగా మూసి ఉంచిన కిటికీని అమ్మే తెరిచింది. ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు, ఎవరికీ సోకలేదు.

పోషకాహారం కోసం నిక్షయ్ పోషణ్ అనే ప్రభుత్వ పథకం కింద నెలకు 1,000 రూపాయలు వస్తాయి. 2024 నవంబరుకు ముందు 500 మాత్రమే. ఆ డబ్బును గుడ్లు, పల్లీలకు తప్ప దేనికీ ముట్టనివ్వలేదు మా ఆవిడ.

కాస్త ఆకలి పుట్టి ఒళ్లు తేలికపడగానే మందులు ఇక చాలనిపించింది. మధ్యలో ఆపితే జబ్బు మొండికేసి మందులకు లొంగదని అమ్మాయి గట్టిగా అడ్డుపడింది. కోర్సు పూర్తయి, కఫంలో క్రిములు లేవని తేలాక మళ్లీ మగ్గం గుంటలోకి దిగాను. మొదట్లో పూటకే అలిసిపోయేవాణ్ని. కిరాణా బాకీ తీరింది. చిట్టీ ఇంకా నడుస్తోంది.