రిమోట్‌లో కర్సర్ మాట వినకపోతే

రిమోట్‌లో, అంటే మన కంప్యూటర్ నుంచి ఇంకో చోటున్న కంప్యూటర్‌ను నడిపేటప్పుడు, మౌస్ జారిపోతోందంటే చాలామంది ముందుగా అవతలి కంప్యూటర్లో పాయింటర్ స్పీడ్ తగ్గిస్తారు. ఎనీడెస్క్, విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ లాంటి వాటిలో మామూలు వాడకానికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. మౌస్ ఎంత కదిలిందో అవి పంపవు, కర్సర్ తెరమీద ఏ చోట ఉందో పంపుతాయి. ఆ చోటును తేల్చేది మీ ముందున్న మెషీనే. మార్చాల్సిందీ అక్కడే.

విండోస్‌లో మౌస్ సెట్టింగ్స్ తెరిచి, అడిషనల్ మౌస్ సెట్టింగ్స్‌లో పాయింటర్ ఆప్షన్స్ ట్యాబ్‌కు వెళ్లండి. స్పీడ్ స్లైడర్‌లో 11 మెట్లుంటాయి. సరిగ్గా మధ్యది, అంటే 6వది, మౌస్ కదలికను ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. దాన్ని దాటి పెంచితే కర్సర్ కొన్ని పిక్సెళ్లను దూకేస్తుంది. మామూలుగా ఇది పెద్దగా తెలియదు. కానీ అవతలి 2560 పిక్సెళ్ల తెరను ఇక్కడ 1280 పిక్సెళ్ల కిటికీలో కుదించి చూస్తుంటే, ఇక్కడి ఒక్క పిక్సెల్ అక్కడ రెండు. ఎక్సెల్‌లో కాలమ్ గీత పట్టుకోవడం, కిటికీ అంచు లాగడం నరకం. స్పీడ్‌తో కుస్తీ పట్టకుండా వ్యూను ఒరిజినల్ సైజులో పెట్టండి, లేదా అవతలి రిజల్యూషన్ తగ్గించండి.

గేములు, కొన్ని త్రీడీ సాఫ్ట్‌వేర్లు వేరే దారి. వాటికి కర్సర్ ఎక్కడుందో అక్కర్లేదు, ఎంత జరిగిందో కావాలి. చోటు మాత్రమే పంపితే కెమెరా గిర్రున తిరుగుతుంది. గేములను దూరం నుంచి ఆడించే పార్సెక్ లాంటివి ఇలాంటప్పుడు కదలికనే పంపుతాయి. అప్పుడు ఇక్కడి యాక్సెలరేషన్ (మౌస్‌ను వేగంగా జరిపితే కర్సర్ ఇంకా ఎక్కువ దూరం పోవడం) మీద అక్కడిదీ పడే వీలుంది. దాన్ని ఆపడానికి పాయింటర్ ఆప్షన్స్‌లో ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ టిక్కును రెండు వైపులా తీసేయండి.

వర్చువల్ మెషీన్ (వీఎం: ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) తెరను చూపే కన్సోల్‌లో మీ కర్సర్ ఒక చోట, లోపలిది ఇంకో చోట ఉండి, పోనుపోను దూరమవుతుంటే కారణం ఇదే: లోపల ఉన్నది కదలికను లెక్కపెట్టే పీఎస్/2 మౌస్. వీఎంలను నడిపే క్యూఈఎంయూలో యూఎస్‌బీ ట్యాబ్లెట్ డివైస్ కలపండి, అది కదలికను కాక చోటును పంపుతుంది. వీఎంలను నడిపే ఇంకో సాఫ్ట్‌వేర్ ప్రాక్స్‌మాక్స్‌లో అయితే వీఎం ఆప్షన్స్‌లో యూజ్ ట్యాబ్లెట్ ఫర్ పాయింటర్ ఆన్‌లో ఉందో చూడండి.

ఆలస్యం సంగతి వేరు. హైదరాబాద్ నుంచి అమెరికాలోని సర్వర్‌కు సిగ్నల్ వెళ్లి రావడానికే సుమారు 200 మిల్లీసెకన్లో, అంతకు మించో పడుతుంది. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లో కర్సర్‌ను మీ మెషీనే గీస్తుంది కాబట్టి అది చేతితోపాటే కదులుతుంది, మెనూ మాత్రం తర్వాత తెరుచుకుంటుంది. ఏ మౌస్ సెట్టింగూ దీన్ని తగ్గించలేదు. ఎనీడెస్క్ లాంటి వాటిలో రెండు కర్సర్లు కనిపిస్తుంటే, ఒకటి వెనకబడి వస్తుంటే, షో రిమోట్ కర్సర్ ఆప్షన్‌ను ఆపేయండి. అవతల కూడా ఎవరో కూర్చుని పనిచేస్తుంటేనే దాని అవసరం.

డబుల్ క్లిక్ కుదరకపోతే మాత్రం అవతలి సెట్టింగే మార్చాలి. రెండు క్లిక్కుల మధ్య ఎడాన్ని కొలిచేది అవతలి విండోస్. నెట్ తడబడితే ఆ ఎడం పెరిగి, రెండు విడి క్లిక్కులుగా మారతాయి. అక్కడ డబుల్ క్లిక్ స్పీడ్ తగ్గించండి, లేదా ఒక్క క్లిక్‌తో ఎంచుకుని ఎంటర్ నొక్కండి. నా ఓటు రెండోదానికే.

టెక్స్ట్ మీదికి వెళ్లగానే కర్సర్ మాయమవుతోందా? అక్షరాల మీద కనిపించే ఆ సన్నని గీత వెనకున్న రంగును తలకిందులు చేసుకుని కనిపిస్తుంది, రిమోట్‌లో అది ఒక్కోసారి సరిగ్గా రాదు. అవతలి మెషీన్ పాయింటర్స్ ట్యాబ్‌లో విండోస్ బ్లాక్ స్కీమ్ ఎంచుకోండి.

కర్సర్ అసలే కనబడకుండా క్లిక్కులు మాత్రం పనిచేస్తుంటే, ఆ కంప్యూటర్‌కు మౌస్ తగిలించి ఉందో లేదో అడగండి. మౌస్ లేకపోతే విండోస్ కర్సర్‌ను దాచేస్తుంది. యాక్సెసిబిలిటీలో మౌస్ కీస్ ఆన్ చేస్తే కనిపిస్తుంది కానీ, నమ్‌ప్యాడ్‌లో అంకెలు కొట్టబోతే కర్సర్ జరగొచ్చు. ఆ తలనొప్పి వద్దనుకుంటే పాత వైర్‌లెస్ మౌస్ డాంగిల్ ఒకటి అక్కడ గుచ్చమనండి. మౌస్ లేకపోయినా డాంగిల్ చాలు.