ఏ1 నుంచి ఏ5 వరకు

ఈరోజు మా వకీళ్ల కోర్టు బాయ్‌కాట్. కాల్ వర్క్, అంటే కేసుల్ని పిలవడం, మొదలవ్వకముందే వాయిదాలన్నీ పడిపోయాయి. పొద్దున్నే బస్సెక్కి అనంతపురం వచ్చినవాళ్లు మెట్ల మీద కూర్చుని ఎవర్ని తిట్టాలో తెలియక వకీళ్లనే తిట్టుకున్నారు, తిట్టనీ. కట్నం వేధింపుల కేసుల్లో భర్త తరఫున వాదించే వకీలును నేను. ఆఫీసుకొచ్చి ఫ్యాన్ వేసుకుని ఉగ్గాని పొట్లం విప్పానో లేదో, గుత్తి నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. ఆయన ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. చేతిలో బట్టల షాపు కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన పోలీసు నోటీసు.

కూర్చోకముందే అన్నాడు, "ఇది దొంగ కేసమ్మా."

మా దగ్గరికొచ్చే భర్త తరఫువాళ్లలో నూటికి తొంభైమంది మొదటి మాట ఇదే. మా సీనియర్‌కి ఆ మాట వింటే ఒళ్లు మంట, ఫిర్యాదు చదివేదాకా ఆఫీసులో ఎవరూ అనకూడదంటారు. ఆయన దగ్గర నేర్చుకున్నది నాకూ అలవాటైంది. "పెద్దాయనా, ముందు కాగితం చూపించు" అన్నాను.

రెండున్నర పేజీల ఫిర్యాదు. కొడుకు ఏ1, అంటే మొదటి నిందితుడు, బెంగళూరులో ఉద్యోగం. తల్లిదండ్రులు ఏ2, ఏ3. బళ్లారిలో ఉండే కూతురు ఏ4, అల్లుడు ఏ5. కొడుకు మీద రెండు సంఘటనలు తేదీలతో ఉన్నాయి, ఒకదానికి ఆసుపత్రి చీటీ కూడా ఉంది. మిగతా నలుగురి మీద ఒకే వాక్యం: ఏ1 నుంచి ఏ5 వరకు అందరూ కలిసి అదనపు కట్నం కోసం శారీరకంగా, మానసికంగా వేధించారు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏమన్నారు, ఏదీ లేదు. ఆ కూతురికి ఈ పెళ్లికి చాలా ముందే పెళ్లయి బళ్లారి వెళ్లిపోయింది.

పెద్దాయన భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఒకటే అడిగింది, "మమ్మల్ని జైల్లో పెడతారా తల్లీ?" పెట్టరమ్మా అని గట్టిగా చెప్పగలిగేది 2014 జూలైలో వచ్చిన అర్నేశ్ కుమార్ తీర్పు వల్లే. ఏడేళ్లలోపు శిక్ష ఉన్న కేసుల్లో ఫిర్యాదు రాగానే అరెస్టు చేయకూడదు, అవసరమేమిటో పోలీసులు కారణాలు రాసుకోవాలి, లేదంటే నోటీసిచ్చి పిలవాలి అని సుప్రీంకోర్టు చెప్పింది. భార్యను వేధిస్తే భర్త, అతని చుట్టాల మీద పెట్టే సెక్షన్, పాత ఐపీసీలోని 498ఏకి 3 ఏళ్ల వరకే శిక్ష. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది, నోటీసు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 35(3) కింద వస్తుంది. అందరూ ఇంకా పాత సెక్షన్ పేరుతో ఫార్టీవన్ ఏ నోటీసు అనే అంటారు, నేనూ అంతే. ఆ నోటీసు వస్తే గుండె ఆగినంత పనవుతుంది గానీ, నిజానికి పిలిచిన రోజు పోయి అడిగింది చెప్పి వస్తే అదే మనకు అండ. టెన్షన్ పడి ఫోన్ ఆఫ్ చేసుకుని తిరుపతికో, చుట్టాలింటికో పోతేనే కష్టం.

తర్వాత గంటన్నర తెల్లకాగితం మీద గీతలు కొట్టుకుని పట్టిక రాశాను. పెళ్లి ఎప్పుడు, కోడలు గుత్తి ఇంట్లో ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉంది, బెంగళూరు కాపురం ఎప్పుడు పెట్టారు, ఆ తేదీల్లో కూతురు ఎక్కడుంది, ఆమె ఆధార్ మీద అడ్రసేమిటి, అల్లుడి డ్యూటీ ఎక్కడ. డిఫెన్స్ అంటే జనం అనుకునే అరుపులు, టేబుల్ గుద్దడాలు నేనైతే ఎక్కడా చూడలేదు, ఇదిగో ఈ గీతల కాగితమే ఉంటుంది. కూతురు, అల్లుడి పేర్లు తీసేయమని అమరావతిలో హైకోర్టుకు వెళ్లొచ్చు. 2022లో కహకషాన్ కౌసర్ కేసులో, 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన దారా లక్ష్మీనారాయణ కేసులో సుప్రీంకోర్టు ఇట్లాంటి గంపగుత్త ఆరోపణలనే కొట్టేసింది. ఆ రెండో తీర్పు వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది. క్రూరత్వానికి గురైన ఆడమనిషి నోరు మూసుకుని ఉండాలని మేము అనడం లేదు అని అదే తీర్పులో ఉన్న మాటను మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

పెద్దాయనకు నచ్చనిది ఒకటే. కొడుకును కూడా అదే పిటిషన్‌లో కలపమంటాడు. తేదీ ఉంది, ఆసుపత్రి చీటీ ఉంది, అది విచారణలో తేలాల్సిందే, అందర్నీ ఒకే బండెక్కిస్తే బరువున్నవాడితో పాటు లేనివాళ్లూ దిగబడతారని చెప్పాను. కొడుకు బెంగళూరు నుంచి స్పీకర్‌లో లైన్‌లోనే ఉన్నాడు. మెసేజ్‌లన్నీ డిలీట్ చేసేశా మేడం అన్నాడు, అదేదో మంచి పని చేసినట్టు. నీ ఫోన్లో పోతే ఆమె ఫోన్లో పోతాయా నాయనా! డిలీట్ చేసినవాటిలో నీకు పనికొచ్చేవి కూడా ఉండుంటాయి కదా.

పోతూ పోతూ పెద్దాయన ఇంటి సంగతి ఎత్తాడు. కోడలు గృహహింస చట్టం కింద కూడా వేసింది, మేము డీవీసీ అంటాం. "ఇల్లు నా పేరు మీద ఉండాది, నా రిటైర్‌మెంట్ డబ్బుతో కట్టినా, దాంట్లో ఆయమ్మకేం హక్కు?" 2020 అక్టోబరుకు ముందైతే ఈ ప్రశ్నకు నా జవాబు వేరేగా ఉండేది. సతీశ్ చందర్ అహుజా తీర్పు తర్వాత ఇల్లు మామ పేరు మీదున్నా, కోడలు అక్కడ కాపురం చేసి ఉంటే ఉండే హక్కు అడగొచ్చు. ఇల్లు ఆమె సొంతమైపోదు, ముసలివాళ్ల బాగోగులు కూడా కోర్టు చూడాలి. ఆయన ముఖం మాడ్చుకున్నాడు. ఫీజు ఇచ్చే మనిషికి నచ్చనిది చెప్పడానికి కూడా ఫీజు తీసుకుంటున్నాం కదా అనుకుంటాను నేను.

మధ్యాహ్నం ధర్మవరం మగ్గం అబ్బాయి. ఇతనిది వేరే కథ, భార్యను కొట్టాడు. "ఒక్క దెబ్బే మేడం" అన్నాడు. మళ్లీ అడిగితే రెండయ్యాయి, ఇంకోసారి అడిగితే లెక్క చెప్పలేదు. వకీలుకు చెప్పింది బయటికి పోదని చట్టమే చెబుతుంది, నాకు అబద్ధం చెప్పి రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే అవతలి వకీలు ప్రశ్నలకు, దొరికిపోవడం కన్నా ఇక్కడే కక్కేయడం మేలని చెబితే నెమ్మదిగా చెప్పాడు. ఇట్లాంటివాడికి కూడా వకీలు ఎందుకని మా మేనత్త అడుగుతూనే ఉంటుంది. చేసినదానికే జవాబు చెప్పాలి, చేయనిదానికి కాదు, ఆ తేడా చూపించడానికి ఒకరుండాలి కదా.

అతని మొదటి అనుమానం, కాపురం ధర్మవరంలో అయితే కేసు అనంతపురంలో ఎట్లా అని. పుట్టింటికి చేరి ఉన్నచోటే 498ఏ వేయొచ్చని 2019లో రూపాలీ దేవి తీర్పు, డీవీసీ అయితే చట్టంలోనే ఆ వీలు రాసి ఉంది. రెండో కోరిక, భరణం తప్పించుకోవడానికి సంపాదనే లేదని రాయమనడం. 2020 నవంబరులో రజనేశ్ వర్సెస్ నేహా తీర్పు వచ్చాక ఆదాయం, ఆస్తి, అప్పు అన్నీ అఫిడవిట్‌లో పెట్టాలి. చీరకు వచ్చే కూలి, నెలకు దిగే చీరలు, చీటీ కట్టే డబ్బు, బంగారం మీద తెచ్చిన లోను, అన్నీ ఫోన్‌పేలో, పాసుబుక్కులో కనబడుతూనే ఉన్నాయి. అబద్ధపు అఫిడవిట్ మీద ఇంకో కేసవుతుంది. పోనీ వాయిదాలు లాగుదామా అన్నాడు. భరణం ఆర్డరైన రోజు నుంచి కాదు, ఆమె పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కిస్తారు, లాగిన కొద్దీ బాకీయే పెరుగుతుంది అంటే మంచినీళ్లడిగాడు.

ఆమె జోలికి పోవద్దని కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి ఉంది. డీవీసీ నోటీసు మీద ఎవర్నీ లోపలెయ్యరు గానీ ఆ ఉత్తర్వు దాటితే అది నేరమే, ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పోవద్దంటే మీరు పోకుండా పెద్దమనుషుల్ని పంపడం కూడా వద్దని ఇదంతా రెండుసార్లు చెప్పించి పంపాను. తీరా సాయంత్రం ఫోన్ చేసి, ఆదివారం బిడ్డకు గౌను కొని వాళ్ల వీధి చివర నిలబడి చూసి వస్తా మేడం, దగ్గరికి పోనులే అన్నాడు. పోవద్దన్నాను. అదే చట్టంలో 21వ సెక్షన్ కింద బిడ్డను చూసే ఏర్పాటు కోర్టు చేయొచ్చు, దానికి పిటిషన్ రాస్తా, గౌను బిల్లు దాచుకో అన్నాను. బిల్లెందుకు మేడం అన్నాడు. సైజు సరిపోకపోతే మార్చుకోవడానికి నాయనా అన్నాను.