టేకుకు వెయ్యలేదు, వేప బల్లకు వేశాను

పాత ఫర్నిచర్‌కు రంగులేసి కొత్తగా చేసే వీడియోలు చూస్తే అరగంట పని అనిపిస్తుంది. ఒక డబ్బా, ఒక బ్రష్, వెనక ఏదో మ్యూజిక్, అయిపోయింది. నా విషయంలో పెయింట్ డబ్బా మూత తీసేసరికే ముప్పాతిక పని అయిపోయింది. ఆ ముప్పాతిక గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి నేను ఎక్కువగా దాని గురించే రాస్తాను.

మాది కర్నూలు. అమ్మానాయన వన్ టౌన్ ఇల్లు అద్దెకిచ్చి మా దగ్గరికి వచ్చేశారు. వాళ్లతోపాటు వచ్చినవి మా జేజినాయన కూర్చునే టేకు కుర్చీ, రెండు సొరుగుల వేప బల్ల, తుప్పు పట్టిన ఇనుప మడత కుర్చీలు. ఇవి చాలవన్నట్టు నేను గుజిరీ అంగడిలో ఒక అద్దం ఫ్రేమూ, కడ్డీలాంటి చెక్క ల్యాంప్ స్టాండూ కొనుక్కొచ్చాను. గుజిరీ భాయ్ ఆ స్టాండును నా చేతిలో పెట్టి "తీస్కపోమ్మా, ఇది నా దగ్గర పడి పడి నాకే విసుగొచ్చింది" అన్నాడు. మా ఆయన ఏమీ అనలేదు, స్కూటర్ పెట్టుకోను చోటేదని మాత్రం అడిగాడు.

మొదటి గొడవ టేకు కుర్చీ దగ్గరే వచ్చింది. నాకేమో అన్నీ ఒకే రంగులో ఉంటే హాలు బాగుంటుందనిపించింది. నాయన వినగానే "టేకుకు పెయింట్ కొట్టేదేంది పాపా, దానికంటే ఆ కుర్చీ ఎవరికన్నా ఇచ్చెయ్" అని లేచి వెళ్లిపోయాడు. ఆయన కోపంలో అన్నా, ఆలోచిస్తే న్యాయమే. ఎనామిల్ వేశామంటే చెక్క గీతలు కనపడవు, మళ్లీ కావాలంటే ఆ పెయింటంతా గీకాలి, చెక్కిన మూలల్లోంచి అది ఎప్పటికీ పూర్తిగా రాదు. అందుకే ఇప్పుడు నా లెక్క ఇది: చెక్క బాగుంటే పాలిష్. నాలుగు రకాల చెక్కలు కలిపి చేసినదో, అతుకులేసినదో, ముందే ఎవరో పెయింట్ కొట్టి పెట్టినదో అయితే నిశ్చింతగా రంగు వెయ్యొచ్చు. ఏ చెక్కో తెలియకపోతే బల్ల అడుగు భాగంలో, ఎవరికీ కనపడని చోట, ఉప్పుకాగితంతో కాస్త రుద్ది చూడండి. టేకైతే చేతికి నూనెగా తగులుతుంది, వాసన కూడా వేరేగా ఉంటుంది.

కుర్చీ సంగతి తొందరగా ముగిస్తాను. గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిచి, ఆరాక గీతల వెంబడే 180, తర్వాత ఇంకా సన్నటి 220 నంబర్ ఉప్పుకాగితం, ఆపైన దూది చుట్టిన గుడ్డతో ఫ్రెంచ్ పాలిష్ పల్చగా చాలాసార్లు. ఫ్రెంచ్ పాలిష్ అంటే స్పిరిట్‌లో కరిగించిన లక్కే. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు వేస్తే తెల్లగా మసకబారుతుంది, కాబట్టి వానాకాలంలో మొదలుపెట్టకండి. వేడి గ్లాసు పెట్టినా మచ్చ పడుతుంది, అందుకే కుర్చీకి సరే కానీ భోజనాల బల్లకు పనికిరాదు.

ఇక వేప బల్ల. అసలు పనంతా దీంతోనే. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ పొంగి వన్ టౌన్ మునిగినప్పుడు ఇది కింది గదిలో నీళ్లలోనే ఉండిపోయింది. నీళ్లు తీశాక ఎండబెట్టి, తుడిచి, మళ్లీ వాడుకున్నారు, అప్పుడు ఎవరికి ఓపికుంది కనక. ఇన్నేళ్లయ్యాక నేను ఎడమ సొరుగు బలవంతంగా లాగి తలకిందులు చేస్తే, వెనక సందులోంచి బూడిదరంగు ఒండ్రుమట్టి పెచ్చులుగా రాలింది. గోరుతో నలిపితే మైదాలా మెత్తగా ఉంది. అందులో ఒక పది పైసల బిళ్ల, ఒక జాకెట్ హుక్కు. అమ్మ ఆ బిళ్ల తీసుకుని కొంగుకు ముడేసుకుంది, ఎందుకో అడగలేదు.

మట్టి ఉండగా ఏం వేసినా నిలవదు. పాత టూత్‌బ్రష్, వాషింగ్ సోడా కలిపిన నీళ్లు, పొడిగుడ్డ, ఇంతే సామాను. కడిగాక వరండా నీడలోనే బాగా ఆరనిచ్చాను. ఎర్రటి ఎండలో పెడితే పైన ఆరి లోపల తడి ఉండి పలకలు వంకర పోతాయి. మాకు ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటడం మామూలే, ఆ ఎండకు వేప చెక్క చీలికలిస్తుంది కూడా.

ఆరాక చూస్తే పై పలకల్లో ఒకటి గిన్నెలా వంగిపోయి ఉంది, కాళ్లలో ఒకదానికి సూదిమొన అంత రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి. వడ్రంగి ఆచారన్నను పిలిచాను. ఆయన కాలు మీద స్క్రూడ్రైవర్ పిడితో తట్టి, చెవి దగ్గర పెట్టి "గుల్ల కాలేదులేమ్మా, పురుగు పైపైన ఉంది" అన్నాడు. రంధ్రాల్లోకి సిరంజితో పురుగుమందు ఎక్కించి, రంధ్రాలు మూసి, మందు ఆరేదాకా పిల్లలను అటు రానివ్వొద్దన్నాడు. గ్లవ్స్ వేసుకోవాలి, ఇది నేను గట్టిగానే చెప్తున్నాను. చెదలైతే కథ వేరు, మట్టి గూళ్లు కనిపిస్తాయి, తడితే డొల్లగా మోగుతుంది. అప్పుడు ఆ కాలు మార్చడమే, పెయింట్‌తో దాచితే నెలల్లో కూలుతుంది.

వంగిన పలక బదులు ఇంకో పలక వేస్తే పాత వాటితో కలవదు. ఆచారన్నే "పైన బండ వేసెయ్యండి" అన్నాడు. బేతంచెర్ల బండ మాకు దగ్గరే, కానీ నాకు కడప నల్ల నాపరాయి కావాలనిపించింది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ముప్పావు అంగుళం మందం అంటే నలభై కిలోలకు దగ్గర బరువు, అందుకని ముందు బల్ల కింద అడ్డకర్రలు రెండు కొత్తగా వేయించి, కదులుతున్న అతుకులు విప్పి, శుభ్రం చేసి, ఫెవికాల్‌తో బిగించి, బండను సిలికాన్ బొట్లు పెట్టి కూర్చోబెట్టాలని అనుకున్నాం. బండ మీద ఒక్కటే జాగ్రత్త. ఇది సున్నపురాయి, నిమ్మరసం, చింతపులుసు పడితే మెరుపు పోయి తెల్ల మచ్చ అవుతుంది. మా ఇంట్లో చింతపులుసు పడని బల్ల ఏది చెప్పండి, అందుకే దాన్ని వంటింట్లో కాకుండా హాల్లో వెయ్యాలని తేల్చాను.

ఇప్పుడు పాత పెయింట్. బల్ల కాళ్లకు ఎప్పటిదో ఆకుపచ్చ ఎనామిల్, చాలాచోట్ల పెచ్చులూడింది. ఇక్కడ ఆగి చదవండి. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది 2016లో, అమలైంది 2017 నవంబర్ నుంచి. అంతకుముందటి పసుపు, ఆకుపచ్చ, ఎరుపు ఎనామిళ్లలో లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగుపొడి ఉండే అవకాశం బాగా ఉంది. దాన్ని పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది, నేల మీద పాకే పిల్లల చేతులకు, అక్కడినుంచి నోట్లోకి పోతుంది. అందుకని వాటర్ పేపర్ తడిపి తడిపి రుద్దాను, మాస్క్ పెట్టుకుని, కింద పాత ఫ్లెక్సీ పరిచి. చీపురు ముట్టలేదు, తడిగుడ్డతోనే తుడిచాను. ఆ గుడ్డలు, ఫ్లెక్సీ కవర్‌లో కట్టి పారేశాను. సొరుగుల పిడులు విప్పి చింతపండులో వేస్తే ఇత్తడని అప్పుడు తెలిసింది, అన్నేళ్లూ అవి ఇనుపవని అనుకున్నాం.

పెయింట్ అంగట్లో చిన్న పేచీ. చెక్కలో గుంతలు పూడ్చే లప్పం కావాలంటే కౌంటర్ అబ్బాయి గోడలకు వేసే వైట్ సిమెంట్ పుట్టీ ప్యాకెట్ ఇచ్చి "అన్నిటికీ ఇదే మేడం, ప్రైమర్ కూడా అక్కర్లేదు" అన్నాడు. ప్యాకెట్ వెనక చదివి అక్కడే తిరిగిచ్చేశాను. చెక్క ఎండకు, తేమకు కదులుతుంది, సిమెంట్ పుట్టీ కదలదు, పగిలి రాలిపోతుంది. చెక్కకు వేరే లప్పం ఉంటుంది, లేదంటే అదే చెక్క రంపప్పొట్టును ఫెవికాల్‌లో కలిపి చిన్న రంధ్రాలు పూడ్చుకోవచ్చు. ప్యాకెట్ వెనక చదివే అలవాటు లేనివాళ్లు ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు.

వరుస ఇలా నడిచింది: ఉప్పుకాగితం 120, 180, తుడవడం, పెయింట్ పట్టుకోడానికి ముందు వేసే తెల్ల వుడ్ ప్రైమర్ ఒక చేయి (అంటే ఒక కోటు), లప్పం, ఆరాక 220తో నునుపు చేసి ఇంకో చేయి ప్రైమర్. తెల్లారి చూస్తే నీళ్లు నిలిచిన చోటా, చెక్క ముడుల దగ్గరా గోధుమరంగు మరకలు ప్రైమర్‌లోంచి పైకి తేలాయి. ఎన్ని చేతులు వేసినా ఆ మరక తేలుతూనే ఉంటుంది. కుర్చీకి వాడగా మిగిలిన ఫ్రెంచ్ పాలిష్ అక్కడక్కడా రెండుసార్లు పూసి, ఆరాక మళ్లీ ప్రైమర్ వేస్తే ఆగిపోయింది. లక్క ఆ మరకకు అడ్డుగోడ. ఈ ఒక్క ముక్క తెలిసినందుకు నాకు సగం డబ్బా పెయింట్ మిగిలింది.

రంగు అమ్మ ఎంచింది. షేడ్ కార్డులో పేర్లన్నీ పక్కనపెట్టి "నా పెళ్లి పట్టుచీర అంచు, నెమలికంఠం" అంది. దానికి దగ్గరగా ఉన్నది వెతకడానికి అంగట్లో చీర పెట్టుకుని నిలబడ్డాం, వచ్చినవాళ్లంతా సలహాలిచ్చారు. ఎనామిల్ లీటరు ఒక కోటుకు వంద చదరపు అడుగులకు పైనే వస్తుంది, బల్ల కాళ్లూ సొరుగులూ అంతా కలిపి రెండు కోట్లకు అరలీటరు సరిపోయింది. ఎక్కువ కొనకండి, మూత తీసిన డబ్బా ఏడాదికల్లా మీగడ కట్టి గట్టిపడుతుంది.

వెయ్యడం మాత్రం తెల్లారుజామునే. పది దాటితే మా ఊళ్లో గాలి మొదలవుతుంది, ఎర్రదుమ్ము వచ్చి తడి పెయింట్ మీద కూర్చుంటుంది. ఎండలో వేస్తే పైపొర వెంటనే గట్టిపడి బ్రష్ గీతలు అలాగే నిలిచిపోతాయి, కింద మాత్రం మెత్తగానే ఉంటుంది. పెయింట్‌లో టర్పెంటైన్ కొంచెమే కలిపాను, డబ్బా మీద ఎంత రాసి ఉందో అంతే. పల్చగా, ఒకే దిక్కుకు, ఆరాక 320తో తేలిగ్గా తాకించి, తుడిచి, రెండో చేయి. ఆరిందని చేతికి అనిపించినా నమ్మొద్దు. ఆయిల్ ఎనామిల్ గట్టిపడటానికి వారాలు పడుతుంది. అందాకా పేపర్ పరిచి సామాను పెడితే పేపర్ అచ్చు దాని మీదే ఉండిపోతుంది. అందుకే బండను కూడా పెయింట్ బాగా గట్టిపడ్డాకే మోయించాం. తెల్లరంగు వేసుకునేవాళ్లు నీళ్లతో కలిపే ఎనామిల్ చూడండి, ఆయిల్ తెలుపు వెలుతురు తక్కువున్న గదిలో పచ్చబడుతుంది.

అందరూ అడిగేది చాక్ పెయింట్ గురించి. ఆనీ స్లోన్ అనే ఇంగ్లిష్ ఆవిడ 1990లో ఆ పేరుతో తెచ్చిన పెయింట్ అది, రుద్దకుండానే అతుక్కుంటుందని పేరు. నేను గుజిరీ ఫ్రేమ్‌కు ఇంట్లోనే చేసుకున్నాను, గోడలకు వేసే ఎమల్షన్‌లో నీళ్లతో కలిపిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కొద్దిగా. గబగబా వాడెయ్యాలి, గట్టిపడిపోతుంది. మట్టి గోడలాంటి మసక మెరుపు, నాకు చాలా నచ్చింది, మూలల్లో ఉప్పుకాగితంతో కాస్త రుద్ది పాతదనం తెచ్చాను. కానీ పైన మైనం పూయకపోతే చెయ్యి పడ్డచోటల్లా మరక, పూసినా వేడి గ్లాసును తట్టుకోదు. గోడకు తగిలించేవాటికి బ్రహ్మాండం, రోజూ వాడే బల్లకు వద్దు.

ల్యాంప్ స్టాండుకు మిగిలిన నెమలికంఠమే వేశాను. దాని పైకి నిమ్మలకుంట తోలు షేడ్ తెచ్చాం, ధర్మవరం దగ్గర. తోలుబొమ్మలు చేసే కుటుంబాలే ఇప్పుడు వీటిని కూడా చేస్తున్నాయి, మేకతోలును వెలుగు దాటేంత పల్చగా చేసి, చిన్న చిన్న రంధ్రాలు కొట్టి రంగులు అద్దుతారు. దానికి మన చేతి రంగు ఏదీ కలపకూడదు, లోపల ఎల్ఈడీ బల్బు తప్ప వేడెక్కేది ఏదీ పెట్టకూడదు.

ఇక ఇనుప కుర్చీలు మిగిలాయి. తుప్పు వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకి, అదే పూట తుప్పును ఆపే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వెయ్యాలి, మర్నాటికి వాయిదా వేస్తే మళ్లీ పైన సన్నగా తుప్పు పడుతుంది. టేకు కుర్చీ పాలిష్ అయినప్పటి నుంచి నాయనకు ఈ పని మీద కొంచెం మనసు పోయింది, వైర్ బ్రష్ ఆయనే పట్టుకున్నాడు. రంగు మాత్రం ఆయన ఎంచిందే వేస్తాడట, కాఫీ రంగు. నాకు నచ్చలేదు, చూడాలి.