ఎయిట్ మైల్ దాటాక

నేను అమెరికాలోని డెట్రాయిట్ ఏరియాకి వచ్చింది 2011లో. ఉద్యోగం ట్రాయ్‌లో, ఇల్లు సిక్స్‌టీన్ మైల్ రోడ్ దగ్గర. ఇక్కడ రోడ్లకి మైళ్ళ లెక్కన పేర్లుంటాయి, ఎయిట్ మైల్ అంటే డెట్రాయిట్ సిటీకి పొలిమేర అన్నమాట. వచ్చిన మొదటి వారమే మనవాళ్ళు చెప్పిన జాగ్రత్త ఒకటే, ఎయిట్ మైల్ దాటి అటు వెళ్ళకు, వెళ్ళాల్సొచ్చినా మధ్యలో హైవే దిగకు. గుడికి నోవై, సరుకులకి ఫార్మింగ్టన్ హిల్స్, పిల్లల క్లాసులకి కాంటన్, ఇలా మా బతుకంతా పొలిమేరకి ఇవతలే తిరిగింది. ఇండియా నుంచి ఎవరైనా వస్తే నది ఒడ్డుకి తీసుకెళ్ళి చూపించి చీకటి పడకముందే వెనక్కి తెచ్చేసేవాళ్ళం, దారిలో ఐ-75 హైవే పక్కన తలుపుల్లేని, కిటికీల్లేని ఇళ్ళు వరసగా కనిపిస్తుంటే కారులో అందరూ ఒక్క నిమిషం మాట్లాడ్డం ఆపేసేవాళ్ళు, తర్వాత మళ్ళీ కబుర్లు మామూలే.

మిషిగన్ సెంట్రల్ స్టేషన్ ముందు నేనూ ఫోటోలు దిగా, 2012లో అనుకుంటా. 1913లో తెరిచిన రైల్వే స్టేషన్ అది, పద్దెనిమిది అంతస్తుల ఎత్తు, 1988 జనవరిలో చివరి రైలు వెళ్ళిపోయాక ముప్ఫై ఏళ్ళు అలా గాలికీ వానకీ వదిలేశారు. నేను చూసినప్పుడు ఆ ఎత్తున వందల కిటికీల్లో ఒక్క అద్దం సరిగ్గా లేదు, ఈ పక్కన నిలబడితే ఆ పక్కన ఆకాశం కనిపించేది. ఆ ఫోటో ఫేస్‌బుక్‌లో పెడితే బోలెడు లైకులొచ్చాయి. ఇప్పుడు తల్చుకుంటే బాధనిపిస్తుంది, ఒక ఊరు పడుతున్న అవస్థ ముందు నిలబడి నవ్వుతూ ఫోటో దిగా.

నా ఆలోచన మారింది ఒక పెద్దాయన వల్ల. మా ఆఫీసులో నా పక్క సీట్లో ఉండే అతను డెట్రాయిట్ ఈస్ట్ సైడ్‌లో పుట్టి పెరిగినవాడు, వాళ్ళ నాన్న ఇంకా ఆ ఇంట్లోనే ఉంటారు, డెబ్భై దాటాయి, కార్ల ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. ఒక మే నెల ఆదివారం వాళ్ళింట్లో భోజనానికి రమ్మంటే వెళ్ళా. ఆ వీధి చూసి కాళ్ళు ఆడలేదు నాకు. ముప్ఫై ఇళ్ళు ఉండాల్సిన వీధిలో తొమ్మిదో పదో మిగిలాయి, మిగతాదంతా గడ్డి. అక్కడక్కడా సిమెంటు మెట్లు మూడు నాలుగు ఉన్నాయి, పైన ఇల్లు లేదు, ఉత్త మెట్లే. కొన్నిచోట్ల లైలాక్ పొదలు విరగబూసి ఉన్నాయి, ఇంత గడ్డిలో వీటినెవరు నాటారు అనడిగా. "లైలాక్ ఎక్కడుంటే అక్కడ ఒక ఇంటి గుమ్మం ఉండేదని గుర్తు బాబూ" అని పెద్దాయన ఒక్కో పొదా చూపిస్తూ ఇది ఫలానా వాళ్ళిల్లు, వాళ్ళ పెద్దమ్మాయి టీచరయ్యింది, ఇది ఫలానా వాళ్ళిల్లు అని వరసపెట్టి చెప్పుకొచ్చారు.

ఆయన ఇంటికి ఎదురుగా ఇటుకల ఇల్లు ఒకటుంది, కట్టడం ఇంకా గట్టిగానే ఉంది గానీ మనుషుల్లేరు. నన్ను లోపలికి తీసుకెళ్ళారు, తలుపుకి తాళం కూడా లేదు. వంటగది గోడలో నా నడుమెత్తున పొడుగ్గా గీత గీసినట్టు పగలగొట్టుకుంటూ పోయారు, వంటగది నుంచి బాత్రూమ్ దాకా, లోపలున్న రాగి పైపు కోసం. సింకు లేదు, హీటర్ లేదు, కరెంటు వైర్లు గోడల్లోంచి దారాల్లా లాగేశారు. ఆ పాత ఇనుము కొట్లో వాటికి ఎంతొచ్చుంటుంది చెప్పండి, ఏ వంద డాలర్లో నూట యాభయ్యో, అంతకోసం ఒక కుటుంబం నలభై ఏళ్ళు బతికిన ఇల్లు పనికిరాకుండా పోయింది. పైపులు పోయాక చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టడం కుదరదు, మంచు కరిగి నీళ్ళు దిగుతాయి, రెండేళ్ళకి కప్పు కుంగుతుంది, ఆ తర్వాత ఎవడో ఒకడు నిప్పంటిస్తాడు. ఇల్లు చచ్చేది ఇలాగే అన్నారాయన, ఏదో జబ్బు ముదిరే తీరు చెప్పినట్టు చెప్పారు.

ఆ ఇంటావిడ ఎక్కడికి పోయింది అంటే పన్ను కట్టలేక పోగొట్టుకుందట. ఇక్కడ మూడేళ్ళు ఇంటిపన్ను బాకీ పడితే ఇల్లు జప్తు చేసి వేలం వేస్తారు, రెండో వేలంలో అప్పట్లో ఐదొందల డాలర్ల నుంచి పాట మొదలయ్యేది, ఎక్కడో ఉన్నవాడు ఇంటర్నెట్‌లో కొని పడేసి మళ్ళీ ఆ మొహం చూడడు. నాకు కడుపు మండింది ఎక్కడంటే, 2008 తర్వాత ఇళ్ళ రేట్లు పడిపోయినా పన్ను లెక్కల్లో మాత్రం వాటి విలువ ఆ మేరకు తగ్గించలేదు, 2010 నుంచి 2016 దాకా డెట్రాయిట్ ఇంటి ఓనర్ల దగ్గర కనీసం 60 కోట్ల డాలర్లు అదనంగా వసూలైందని 2020లో ఒక పత్రిక లెక్కలు తీసి బయటపెట్టింది. అంటే కట్టక్కర్లేని పన్ను కట్టలేక ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారన్నమాట. మనం మాత్రం దూరం నుంచి చూసి ఇళ్ళు వదిలేసి పోయారు, బాధ్యత లేని మనుషులు అని తేలిగ్గా అనేస్తాం, నేనూ అన్నా.

ఆ రోజు సాయంత్రం ఎయిట్ మైల్ పక్కనే ఉన్న ఒక గోడ దగ్గరికి కూడా తీసుకెళ్ళారు. 1941లో కట్టిన గోడ, ఆరడుగుల ఎత్తు, అరమైలు పొడుగు. నల్లవాళ్ళ పేట పక్కన తెల్లవాళ్ళకి ఇళ్ళు కడతానంటే ఆ లోన్లకి ప్రభుత్వం హామీ ఇవ్వనంది, అప్పుడు బిల్డరు మధ్యలో గోడ కట్టాడు, లోన్లు వచ్చాయి. ఇప్పటికీ ఉంది ఆ గోడ, కొంత భాగం మీద రంగురంగుల బొమ్మలు వేశారు, పక్కనే పిల్లల పార్కు. ఆయన దాని మీద చెయ్యి వేసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాళ్ళ పెద్దమ్మ వాళ్ళు ఉండే హేస్టింగ్స్ స్ట్రీట్ గురించి చెప్పారు, కొట్లూ పాటలూ చర్చిలతో కళకళలాడిన వీధట, దాన్నీ చుట్టుపక్కల పేటల్నీ 1950లు 60లలో నేలమట్టం చేసి ఫ్రీవే వేశారు. ఆ ఫ్రీవే ఏంటో తెలుసా, ట్రాయ్ నుంచి ఇరవై ఐదు నిమిషాల్లో డౌన్‌టౌన్ చేరిపోవచ్చని నేను ఇన్నాళ్ళూ మెచ్చుకుంటున్న ఐ-75లో డౌన్‌టౌన్ దగ్గరి ముక్క.

1950లో ఈ సిటీలో 18.5 లక్షల మంది ఉండేవాళ్ళు, 2020 జనాభా లెక్కల్లో 6.39 లక్షలు. ప్లాంట్లు పోయాయి, రోడ్లేసి బయటికి దారి చూపించారు, లోన్లిచ్చి తెల్లవాళ్ళని శివార్లకి రమ్మన్నారు, పన్ను కట్టే జనం తగ్గేకొద్దీ మిగిలినవాళ్ళ మీద భారం పెరిగింది. 2013లో సిటీ దివాలా తీసింది, 1800 కోట్ల డాలర్ల అప్పు, అప్పటికి వీధిదీపాల్లో నూటికి నలభై దాకా వెలిగేవి కాదు. మరుసటి ఏడాది ఊళ్ళోని 3.8 లక్షల స్థలాలు ఒక్కొక్కటీ ఫోటోలు తీసి లెక్కేస్తే దాదాపు 40 వేల కట్టడాలు పాడుపడినవని తేలింది. తర్వాత వేలకి వేలు కూల్చారు. దీపాలు మాత్రం మార్చారు, 65 వేల కొత్త ఎల్ఈడీలు, ఆయన వీధిలో కూడా వెలుగుతున్నాయి, ఖాళీ గడ్డి మీద అంత తెల్లటి వెలుగు చూస్తే గుబులేస్తుంది గానీ ఉన్న పది ఇళ్ళవాళ్ళకి అదే ధైర్యం.

డౌన్‌టౌన్ బాగుపడింది, కాదనను. స్టేషన్‌ని 2018లో ఫోర్డ్ కంపెనీ కొని ఆరేళ్ళు బాగుచేసి 2024 జూన్‌లో తెరిచింది, మేమంతా వెళ్ళి చూశాం, కప్పుకి 29 వేల పెంకులుంటే అన్నేళ్ళ వానకి కూడా మార్చాల్సొచ్చింది 1,300 మాత్రమేనట. కొన్నారని తెలియగానే ఎవరో పేరు చెప్పకుండా ఫోన్ చేసి, ఎప్పుడో అక్కడి నుంచి పోయిన గడియారం నా దగ్గరుంది, వెనక్కి ఇచ్చేస్తా అని, కాలిపోయిన ఒక కట్టడం గోడకి ఆనించి దుప్పట్లో చుట్టిపెట్టి వెళ్ళారట. ఆ సంగతి చదివి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఇరవై ఏళ్ళు భద్రంగా దాచి, ఊరు లేస్తుందనగానే తెచ్చిచ్చారు చూడండి. కానీ స్టేషన్ నుంచి ఆ పెద్దాయన వీధికి పావుగంట డ్రైవ్, అక్కడ ఇంకా ఏ కంపెనీ రాలేదు. ఆయన చేసుకున్నవే ఉన్నాయి, ఇంటి పక్క ఖాళీ స్థలం, ఊళ్ళో ఖాళీ స్థలాలు చూసే ల్యాండ్ బ్యాంక్ అనే సంస్థ దగ్గర వంద డాలర్లకి కొని టమాటాలు, ఆకుకూరలు వేశారు, రెండు పక్కలా తనది కాని స్థలాల్లో కూడా గడ్డి తనే కోస్తారు.

తెనాలి దగ్గర మా అమ్మమ్మగారిల్లు అలాగే ఉంది, ఆవిడ పోయి తొమ్మిదేళ్ళు, మామయ్యలు తలో దేశంలో, గోడలో రావి మొక్క మొలిచి ఇప్పుడు నా భుజమెత్తుంది. దీపం పెట్టే దిక్కు లేదని మా అమ్మ ఏడ్చినప్పుడు అమ్మేస్తే పోద్దిగా అన్నా నేను. పోయినసారి వెళ్ళినప్పుడు మాత్రం ఆ మొక్క కొట్టించి, ముందు వాకిలి బాగుచేయించి, నెలకోసారి తలుపులు తీసి ఊడ్చమని పక్కింటి పిన్నికి చెప్పొచ్చా.

నిన్న ఆదివారం మళ్ళీ ఈస్ట్ సైడ్ వెళ్ళా, ఆ పెద్దాయనకి గోంగూర నారు ఇద్దామని. ఎదురింటి ముందు ఒక కారు ఆగి ఉంది, ఎవరైనా దిగారా అని సంబరపడి అడిగితే, కాదు అది నాదే అన్నారు. ఇంటి ముందు కారుంటే లోపల మనుషులున్నారనుకుని దొంగలు రారట, అందుకని రోజూ సాయంత్రం తన కారు తీసుకెళ్ళి అక్కడ పెడతారు, గుమ్మంలో పడ్డ కాగితాలు ఏరేస్తారు, మంచు పడితే అక్కడా తోస్తారు, పైపులు పోయినా కప్పు ఇంకా నిలబడే ఉందిగా అంటారు. నేను వాళ్ళింటి ముందు ఆపబోతుంటే చెయ్యి ఊపి అటు అటు అన్నారు. కారు వెనక్కి తిప్పి ఆయన కారు పక్కన పెట్టా.