మండువా లోగిలిలో వైఫై

పాలకొల్లు దగ్గర మా పెదనాన్నగారి మండువా ఇంటికి వైఫై అమర్చే పని నా మీద పడింది. "రౌటరు టీవీ పక్కనే పెట్టరా, తీగ అక్కడికే వచ్చింది కదా" అన్నారాయన. అందరూ చేసేది అదే. కానీ మూరెడు మందం గోడలు దాటేసరికి 5 గిగాహెర్ట్జ్ తరంగాలు నీరసిస్తాయి. వైఫై వాడే మరో రకం, 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు కాస్త నయం, వేగమే తక్కువ.

ఫోనులో సిగ్నల్ కొలిచే యాప్ తెరిచి గది గదికీ తిరిగాను. సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 67 డీబీఎం ఉంటే వీడియో కాల్ నిలకడగా సాగుతుంది. వెనక వంటింట్లో మైనస్ 80 కంటే కిందికి పడిపోయింది.

తమ్ముడు సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే రిపీటరు కొందామన్నాడు. నాకు వాటి మీద గౌరవం లేదు. ఒకే రేడియో వింటూ, విన్నదే తిరిగి చెబుతుంటే వేగం దాదాపు సగమవుతుంది. అటక మీదుగా క్యాట్ 6 అనే నెట్‌వర్క్ తీగ లాగి వంటింటి వైపు రెండో యాక్సెస్ పాయింటు, అంటే వైఫై వెదజల్లే పెట్టె, పెట్టాను. రెండూ ఒకదానికొకటి అడ్డు రాకుండా 2.4లో ఒకదానికి ఛానెల్ 1, మరోదానికి 11, ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 40కి ఆశపడితే పక్కింటి రౌటర్లతో తగాదాయే.

అసలు చిక్కు చేపల చెరువు గట్టు మీది షెడ్డుకు వైఫై చేర్చడం. దూరం 300 మీటర్లు. ఎదురెదురు యాంటెన్నాలు ఒకదానికొకటి కనిపిస్తే చాలదు. 5 గిగాహెర్ట్జ్‌లో ఆ దూరానికి నడిమధ్యన చుట్టూ సుమారు 2 మీటర్ల మేర తరంగాలు విస్తరిస్తాయి. అందులో సగానికి పైగా ఖాళీ ఉండాలి. నీటి మీద పడి తిరిగొచ్చే తరంగాల గొడవ వేరే. తడిసిన కొబ్బరాకులైతే సిగ్నల్‌ను మింగేస్తాయి. అడ్డొచ్చిన చెట్టు కొట్టడానికి పెద్దమ్మ ససేమిరా అంది. స్తంభాన్నే పక్కకు జరిపి, ఎత్తు పెంచాం.