పది కిలోల బొచ్చె కోసం: ఉదయసముద్రం గట్టుమీద ఎనిమిది నెలలు

గత అక్టోబరు మొదటి వారంలో, నల్లగొండను ఆనుకుని ఉన్న పానగల్ ఉదయసముద్రం గట్టుమీద కూర్చుని, నా చేపల నోటుబుక్కులో కొత్త పేజీ తెరిచి ఒక్క వాక్యం రాసుకున్నాను: పది కిలోలకు తగ్గని బొచ్చె (కట్ల) చేపను గాలంతో పట్టాలి, తూచాలి, ప్రాణంతో తిరిగి నీళ్లలో వదలాలి. ఆరేళ్లుగా గాలం వేస్తున్నా, అప్పటికి నేను పట్టిన బొచ్చెలలో పెద్దది 4 కిలోల 200 గ్రాములు మాత్రమే. ఎనిమిది నెలలలో ఏమేమి మార్చుకున్నానో, ఏది పనిచేసిందో, ఏది చేయలేదో వివరంగా రాస్తే, ఇదే చేప కోసం ఇదే ఎండలో కూర్చునే మరొకరికి ఒక ఏడాదైనా కలిసివస్తుందని ఇది రాస్తున్నాను.

ముందుగా చెరువు గురించి చెప్పాలి. ఉదయసముద్రం కందూరు చోళుల కాలం నాటి పాత చెరువు. ఇప్పుడు సాగర్ జలాశయం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీరు అక్కంపల్లి మీదుగా ఇక్కడికి చేరుతుంది కనుక, వానలు లేని నెలల్లో కూడా నీటిమట్టం ఉన్నట్టుండి పెరుగుతుంది, మళ్లీ తగ్గుతుంది. చేపల మీద హక్కు మత్స్యకారుల సహకార సంఘానిది కాబట్టి వారి అనుమతి తీసుకుని, రుసుము చెల్లించి, ఒక ఒప్పందం చేసుకున్నాను: ఎనిమిది కిలోలు దాటిన చేపను వదిలేస్తాను, అంతకన్నా చిన్నది దొరికితే సంఘం వారి బుట్టలోనే వేస్తాను. పట్టణానికి తాగునీరు ఇచ్చే చెరువు ఇది. అందుకే మేతగా చల్లే పిండి రోజుకు కిలోకు మించకూడదని నాకు నేనే హద్దు పెట్టుకున్నాను.

నిలిచిన నీటిలో బొచ్చె గుడ్లు పెట్టదు. దానికి వాన కాలంలో పారే నదీజలం కావాలి. 1957 జూలై 10న ఒడిశాలో శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌధురి, అలికున్హి కలిసి పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి కార్పు జాతి చేపల చేత గుడ్లు పెట్టించడంలో విజయం సాధించిన తరువాతే చెరువులకు కావలసినంత చేపపిల్ల దొరకడం మొదలైంది. అంటే మన చెరువుల్లోని బొచ్చె చాలావరకు ఎవరో తెచ్చి వదిలినదే, లేదా కాలువ నీటితో వచ్చి చేరినదే. మేత బాగా ఉంటే మొదటి ఏడాదిలో కిలో వరకు పెరిగే ఈ చేప పది కిలోలు దాటిందంటే, ఎన్నో ఏళ్లుగా ఎన్నో వలలను తప్పించుకుని ఉంటుంది. అంతటి చేపను ఒక పూట కూరకు ముగించడం నా మనసుకు నచ్చదు. తినడానికి పట్టేవారిని తప్పుపట్టను, నాకూ చేపల పులుసు ఇష్టమే.

అక్టోబరు అంతా వృథా అయింది. పదకొండు అడుగుల రాడ్డు, 5000 సైజు రీలు, 0.50 మిల్లీమీటర్ల నైలాన్ దారం, రెండు తులాల సీసం గుండు, నిమ్మకాయంత పిండిముద్ద సిద్ధం చేసుకుని, పిండి అడుగుకు చేరేలా దూరంగా విసిరేవాణ్ని. పన్నెండు పర్యాయాలు వెళితే బంగారుతీగలు తొమ్మిది, మ్రిగాల నాలుగు పడ్డాయి, బొచ్చె ఒక్కటీ పడలేదు. పెద్ద చేపకు పెద్ద సామాను కావాలన్న తప్పుడు నమ్మకంతో మరింత లావు దారం, మరింత పెద్ద గాలాలు కొన్నాను. ఆ డబ్బు ఇప్పటికీ నా సంచిలో బరువుగానే ఉంది.

నవంబరు రెండో వారంలో, వలలు ఎండబెట్టుకుంటున్న ఒక వృద్ధ మత్స్యకారుడు నా పిండిముద్దను చేతిలోకి తీసుకుని చూసి, "సారూ, బొచ్చె మూతి ఎటుంటదో ఎప్పుడన్న సూసిన్రా? మొగులు దిక్కుంటది. మీరేమో బువ్వ అడుగుకు పెడ్తిరి. అదెట్ల తింటది?" అని అడిగాడు. "మరి ఎంత లోతుల పెట్టాలె తాతా?" అంటే, "అది రోజుకో తీరు, పూటకో తీరు. మీరే ఎతకాలె" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా ఏడాది మలుపు తిరిగింది.

ఆయన చెప్పినదానికి శాస్త్రపు ఆధారం కూడా ఉంది. బొచ్చె కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి, నోరు పైకి తిరిగి ఉంటుంది. మీసాలు ఉండవు. సన్నని పొడవైన మొప్పల దువ్వెనలతో నీటిలో తేలే సూక్ష్మజీవులను వడగట్టుకుని తింటుంది. మ్రిగాల, బంగారుతీగ అడుగును వెతికేవి, రోహు నడిమి నీటిది, బొచ్చె పై నీటిది. ఆ సూక్ష్మజీవులు పగటి వెలుతురుకు కిందికి దిగి, సాయంత్రం పైకి వస్తాయి, గాలి ఏ గట్టువైపు వీస్తే ఆ వైపు పోగవుతాయి. కాబట్టి బొచ్చెను పట్టాలంటే చేపకన్నా ముందు దాని మేత ఎక్కడుందో వెతకాలి. ఆ రోజు నుంచి గాలి వీపుకు తగిలేలా కూర్చోవడం మానేసి, గాలి ముఖాన కొట్టే గట్టుకు మారాను. దారం విసరడం కష్టమే, కానీ మేత అక్కడే ఉంటుంది.

సామాను మొత్తం మార్చాను. దారాన్ని 0.35 మిల్లీమీటర్లకు తగ్గించాను. దాని బలం తొమ్మిది కిలోలు. నీటి మీద తేలే బెండును దారానికి బిగించకుండా, దారం బెండు గుండా జారేలా ఎక్కించి, కావలసిన లోతు దగ్గర దారం మీద చిన్న నూలు ముడి వేశాను. ఆ ముడి రాడ్డు వలయాల గుండా సులువుగా పోతుంది, బెండును మాత్రం దాటనివ్వదు, కనుక పదమూడు అడుగుల లోతులో ఎరను వేలాడదీసినా విసరడానికి ఇబ్బంది ఉండదు. ముడిని వేలితో జరిపితే లోతు మారిపోతుంది. బెండు కింద ఆరు గ్రాముల సీసం, దాని కింద తిరుగుడు కడియం, అక్కడి నుంచి మెత్తని అల్లిక దారంతో ఒకటి నాలుగు అంగుళాలకు, మరొకటి ఆరు అంగుళాలకు రెండు నాలుగో నంబరు గాలాలు కట్టాను. పొట్టిదాన్ని పిండిలో దాచి, పొడవైనదాన్ని ముద్ద బయట వదిలేస్తాను. పిండి విడిపోతున్నప్పుడు చేప ఆ మబ్బునంతా నోటితో పీల్చుకుంటుంది, బయట ఉన్న గాలం దానితోపాటే లోపలికి పోతుంది. గాలాల కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును పట్టకారుతో నొక్కి చదును చేశాను. దారం సడలకుండా చూసుకుంటే చేప జారిపోదు, వదిలేటప్పుడు దాని నోరు చిరగదు.

పిండి విషయంలో ఎక్కువ రోజులు పట్టింది. చివరికి కుదిరిన పాళ్లు ఇవి: దోరగా వేయించిన తవుడు అర కిలో, పల్లి చెక్క పొడి పావు కిలోకు కొంచెం తక్కువ, పుట్నాల పిండి వంద గ్రాములు, అంటుకోవడానికి మైదా గుప్పెడు, కొద్దిగా యాలకుల పొడి. తవుడు మిల్లు నుంచి అదే వారంలో తెచ్చినదై ఉండాలి, ఎందుకంటే తవుడులోని నూనె త్వరగా ముక్కిపోతుంది. వేయించడం వల్ల అది కొంత ఆగుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది ముద్ద గట్టిదనం. ఇంటి దగ్గర గాజు సీసాలో నీళ్లు పోసి ముద్దను వేస్తే, ఐదు నిమిషాలకు అంచులు రాలడం మొదలై, పావుగంటకు పూర్తిగా విడిపోవాలి. అక్టోబరులో నేను వాడిన ముద్ద ముప్పావుగంట తరువాత కూడా రాయిలాగే ఉండేది.

డిసెంబరు, జనవరి నెలల గురించి రాయడానికి పెద్దగా లేదు. నీరు చల్లబడింది, చేప మేత తగ్గించింది, తొమ్మిది పర్యాయాలకు రెండు కిలోల లోపు బొచ్చెలు రెండు పడ్డాయి. ఒకసారి డిండి జలాశయానికి కూడా వెళ్లాను, అంచు నీరు పలుచగా ఉండి బెండు పద్ధతి కుదరలేదు. ఆ ఖాళీలో లోతు కొలిచే అలవాటు చేసుకున్నాను. గాలం స్థానంలో బరువైన సీసం కట్టి, బెండు మునిగేదాకా ముడిని జరుపుతూ, గట్టు ముందున్న అడుగును రాళ్ల గుర్తులతో నోటుబుక్కులో గీసుకున్నాను. తెల్లరంగు వేసిన డబ్బా మూతను తాడుతో దించి, అది కనుమరుగయ్యే లోతును కూడా ప్రతిసారి రాశాను. రెండున్నర అడుగుల దగ్గర మాయమైన రోజులు నాకు బాగా కలిసివచ్చాయి. నీరు మరీ తేటగా ఉన్న రోజు మేత తక్కువ, బురదగా ఉన్న రోజు ఎర కనబడదు.

ఫిబ్రవరి చివర ఎండ ముదిరాక ఫలితాలు వచ్చాయి. పద్నాలుగు అడుగుల నీటిలో, మధ్యాహ్నం నాలుగింటికి తొమ్మిది అడుగుల దగ్గర మొదలుపెట్టి, అరగంటకోసారి అడుగు చొప్పున పైకి జరుపుతూ వెళితే, ఆరు దాటిన తరువాత ఐదడుగుల దగ్గర 5 కిలోల 600 గ్రాముల బొచ్చె పడింది. మూడు రోజుల తరువాత అదే లోతులో 7 కిలోల 300 గ్రాములది వచ్చింది. బొచ్చె తగిలినప్పుడు బెండు మునగకపోవచ్చని అప్పుడే గమనించాను. చేప ఎరను కింది నుంచి పైకి ఎత్తుతుంది కనుక సీసం బరువు తగ్గి, బెండు కాస్త లేచి పక్కకు వాలుతుంది. మునిగేదాకా ఎదురుచూస్తే ఆలస్యమవుతుంది.

మార్చి 9న జరిగిన నష్టం ఇంకా బాధిస్తోంది. చాలా పెద్ద చేప తగిలి, ఒక్క ఊపున నలభై గజాలు లాక్కుపోయింది. కంగారులో రీలు బిగువు మరను పూర్తిగా బిగించేశాను, దారం ముడి దగ్గర తెగింది. గాలాలు నోటిలోనే ఉండిపోయిన చేపను తలచుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముల్లు చదును చేసి ఉన్నందున అవి ఊడిపోయి ఉంటాయన్న ఆశ ఒక్కటే మిగిలింది. మరుసటి రోజు దారం కొనను స్ప్రింగు కాటాకు కట్టి, రాడ్డు వంచి లాగుతూ, రెండు కిలోల 250 గ్రాముల దగ్గర రీలు దారాన్ని వదిలేలా బిగువును కుదిర్చాను. అది దారం బలంలో నాలుగో వంతు. ఆ తరువాత చేప రీలు మీద ఉండగా ఆ మరను ముట్టుకోకూడదన్నది నా నియమం.

ఏప్రిల్ 13 సాయంత్రం. పడమటి గాలి నేరుగా ముఖాన కొడుతోంది, మూత రెండున్నర అడుగుల దగ్గర కనుమరుగైంది. ఆరు గంటల ఇరవై నిమిషాలకు, ఐదున్నర అడుగుల లోతులో ఉన్న ఎర మీది బెండు మెల్లగా వాలింది. రాడ్డు ఎత్తగానే చేప తొందరపడకుండా, నిదానంగా, బరువుగా నడిమి నీటికి సాగిపోయింది. రీలు పాడుతూనే ఉంది, నేను ముట్టుకోలేదు. మూడుసార్లు గట్టు దాకా వచ్చి మూడుసార్లు వెనుదిరిగింది. పందొమ్మిది నిమిషాలకు పెద్ద చిక్కంలోకి తల ముందుగా జారింది. చీకటి పడుతున్న వేళ తాంబాళాల్లాంటి ఆ పొలుసులను చూసి చేతులు వణికాయి.

చిక్కాన్ని నీటిలోనే ఉంచి గాలం తీశాను, వేళ్లతోనే ఊడివచ్చింది. పొడవు 32 అంగుళాలు, చుట్టుకొలత 25 అంగుళాలు. తడిపిన తూకపు సంచిలోకి జార్చి ఎత్తితే కాటా 11 కిలోల 500 గ్రాములు చూపింది, తడి సంచి బరువు 400 గ్రాములు తీసేస్తే 11 కిలోల 100. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో మళ్లీ గుణించి, 800తో భాగిస్తే పౌండ్లలో బరువు వస్తుందన్న పాత లెక్క ప్రకారం 25 పౌండ్లు, అంటే 11 కిలోల 300 గ్రాములు. కాటా లేనివారు ఆ లెక్కను నమ్మవచ్చు. చేప నీటి బయట ఉన్నది ముప్పై సెకన్ల లోపే. ఫొటో ఒక్కటే తీశాను, అదీ కాస్త మసకగా వచ్చింది. నడుము లోతు నీటిలోకి దిగి, పొట్ట కింద రెండు చేతులు ఆనించి, నిటారుగా పట్టుకున్నాను. ముందుకూ వెనక్కూ ఊపలేదు, మొప్పలు వాటంతట అవే ఆడనిచ్చాను. నాలుగు నిమిషాల తరువాత తోకతో ఒక్కసారి నా మోచేతిని కొట్టి లోతుకు వెళ్లిపోయింది.

మే మొదటి వారంలో గాలం కట్టిపెట్టాను. 20 డిగ్రీల నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ప్రాణవాయువును పట్టి ఉంచగలిగితే, 30 డిగ్రీల నీరు ఏడున్నరకు మించి పట్టలేదు. రాత్రంతా గడిచాక తెల్లవారుజామున అది ఇంకా తగ్గుతుంది. అటువంటి నీటిలో పందొమ్మిది నిమిషాలు పోరాడిన పెద్ద చేప ఈదుకుంటూ వెళ్లినా బతుకుతుందన్న భరోసా లేదు. ఆ తరువాత వానలు, గుడ్ల కాలం, కాబట్టి మళ్లీ అక్టోబరుకే. ఈలోగా 0.35 దారం మొత్తం మార్చాలి, చివరి ముప్పై గజాలు గరుకెక్కాయి. డిండిలో పలుచని అంచు దాటి లోతు ఎక్కడ మొదలవుతుందో కొలిచి రావాలి. ఆ వృద్ధుడికి మసక ఫొటో చూపించాను. చాలాసేపు చూసి, "మార్చిల తెంపుకపోయింది గిదేనా సారూ?" అని అడిగాడు. పై పెదవి మీద పాత గాయం ఉందేమో చూడటం ఆ సంతోషంలో మరచిపోయాను. ఈసారి నోటుబుక్కులో గాయాల కోసం ఒక గడి గీసి ఉంచాను.